తేదీ లేని పెట్టె

నమోదు 301

పొద్దున్న తలుపు తీసేసరికి మూడో గదిలో పాదం మునిగేటన్ని నీళ్లు. పైన గొట్టం కారుతోంది. ఇక్కడి ప్రోగ్రాములన్నీ రాసే యంత్రం, మా రాతగాడిని అడిగితే "తేమ పరిమితిలోనే ఉంది" అన్నాడు. వాడికి కాళ్లుంటేగా చెప్పులు తడవడానికి! గోనెపట్టా వేసి నేనే తుడిచాను.

తర్వాత సంతకాలు. హమాలీల జీతాల ప్రోగ్రాము, చేపల పెట్టెల అద్దె ప్రోగ్రాము, మందుల గది చలువ ప్రోగ్రాము. మూడూ రాతగాడు రాసి పెట్టాడు, మూడూ నేను కూర్చుని పంక్తి పంక్తీ చదివాను. జీతాల దాంట్లో పండగ రోజును సెలవు కింద కాక గైర్హాజరు కింద పట్టాడు. హమాలీలకు తెలిస్తే నన్ను చీపుళ్లతో తరుముతారు. దిద్దించి సంతకం పెట్టాను. మా అమ్మమ్మ కాలంలో ప్రోగ్రాములు మనుషులే రాసేవాళ్లట. ఇప్పుడు మనిషికి మిగిలినవి రెండే పనులు, చదివి సంతకం పెట్టడం, తేడా వస్తే ఆపడం. ఈ తుని మెట్ట మీద కోల్డ్ స్టోరేజీకి ఆ రెండూ చేసేదాన్ని నేనే, కర్రి సువర్చలని.

సంతకందారు రోజూ నమోదు రాయాలని ధ్రువీకరణ మండలి నియమం. రాసినవి ఎవరూ చదవరు. అందుకే ఇందులో నా ఏడుపు కూడా రాసుకుంటాను.

నా సర్టిఫికెట్ గడువు ఈ వానాకాలంతో సరి. మళ్లీ పరీక్ష రాయాలి. తల నెరిశాక కూడా హాల్‌టికెట్ తప్పలేదు.

నమోదు 304

సాయంత్రం కోచింగ్‌కి వెళ్లాను. పాత కాకినాడ నీళ్లలో మునిగినప్పుడు జనం ఏమేం తెచ్చుకున్నారో గానీ, ఆకొండి నరహరి మాస్టారు మాత్రం తన కోచింగ్ సెంటర్ బోర్డు తెచ్చుకున్నారు. "వందకి వంద" అని పెద్ద అక్షరాలు. ఆయన కూడా గడువు అయినప్పుడల్లా మాతోపాటే పరీక్ష రాసి, ప్రతిసారీ వందకి వంద తెచ్చుకుని, ఆ మార్కుల పత్రం పటం కట్టించి గోడకి తగిలిస్తారు. దేవుళ్ల పటాలు వాటి వెనక్కి పోయాయి.

ఇవాళ తప్పనిసరి ప్రశ్నలు చెప్పారు. వీటిలో ఒక్కటి తప్పినా మిగతావన్నీ రైటయినా ఫెయిలే. అందులో అందరికీ నవ్వొచ్చే ప్రశ్న ఒకటుంది. సరుకు పెట్టె మీద తేదీ ఖాళీగా ఉంటే ప్రోగ్రాము ఏం చేయాలి? ఇవాళ్టి తేదీ వేసి ముందుకు పంపాలా, పెట్టెను ఆపి మనిషిని అడగాలా?

బుర్ర ఉన్నవాడెవడైనా ఆపమంటాడు. కానీ మండలి జవాబుల కీలో "ఇవాళ" అని ఉంది. మొదట్లో కీ తయారు చేసినవాడెవడో పొరపాటు పడ్డాడు, తర్వాత వచ్చినవాళ్లు అతన్నే చూసి రాశారు. దాన్ని దిద్దే ఓపిక ఎవరికీ లేకపోయింది.

"ఏవర్రా, ఖాళీ తేదీకి ఏవిటి?" అని మాస్టారు బెత్తంతో బల్ల కొట్టారు.

"పరీక్షకి ఇవాళ, పనికి ఆపు!" అని హాలంతా ఒక్క గొంతుతో అరిచాం. మా పెద్దలు అరిచిందీ ఇదే. నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.

నమోదు 309

మా ఆడపడుచు రమాతులసికి షుగరు పెరిగిపోతోంది. మా ఆయన సముద్రపు కట్ట పనిలో ఉంటాడు, నెలకోసారి గానీ ఇంటికి రాడు. ఇంట్లో మేమిద్దరమే. అది రోజూ ఇన్సులిన్ పొడుచుకుంటుంది, అయినా మీటరు మూడువందలు దాటి చూపిస్తోంది.

"మామిడి తాండ్ర తిన్నావా?" అన్నాను.

"తిన్లేదు వదినా."

"నిజం చెప్పవే. డబ్బాలో సగం తగ్గింది."

"అది తిన్నది నువ్వేగా! పరీక్షకి చదూతున్నానని చెప్పి ముక్క ముక్కా తెంపుకుపోయావు."

నిజమే. అయినా ఒప్పుకోకుండా డబ్బా తీసుకెళ్లి ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశాను. అది నాతో మాట్లాడటం మానేసింది. మా ఇద్దరికీ ఇది మామూలే, పొద్దున్న కాఫీ దాకా ఆగితే సర్దుకుంటుంది.

నమోదు 311

సర్దుకోలేదు. పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని వస్తూ వస్తూ రమాతులసి గడపలో కూలబడిపోయింది. నోరు ఎండిపోయి మాట రావడం లేదు. ఆసుపత్రి నర్సమ్మ వచ్చి తన దగ్గరున్న ఇన్సులిన్ ఇచ్చాక, మధ్యాహ్నానికి తెప్పరిల్లింది.

"తిండి తేడా కాదమ్మా ఇది. నీళ్లు పొడుచుకున్నా ఇంతే. మందే చచ్చిపోయింది" అంది నర్సమ్మ.

ఇంట్లో ఉన్న సీసా తీసి చూశాను. మా కోల్డ్ స్టోరేజీ స్టిక్కరే, దాని మీద తేదీ కొత్తది. గోటితో స్టిక్కర్ గోకాను. కింద ఫ్యాక్టరీవాడు తేదీ ముద్ర వేయాల్సిన చోట ఏమీ లేదు. వరదకు ముద్ర కొట్టుకుపోయిన సీసా అది. ఎన్నాళ్లు ఎండలో ఉందో ఎవరికి తెలుసు?

పరుగున ఆఫీసుకి వెళ్లి రాతగాడిని అడిగాను.

"ఈ సీసా వచ్చిన పెట్టె మీద తేదీ ఉందా?"

"లేదు."

"మరి స్టిక్కర్ మీదికి తేదీ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"తేదీ ఖాళీగా ఉంటే ఇవాళ్టి తేదీ వేయాలి."

"ఎవడు చెప్పాడ్రా నీకు?"

"ఉత్తీర్ణులైన సంతకందారుల జవాబు పత్రాలు. అందరూ అదే రాశారు. మీరూ అదే రాశారు."

వచ్చిన పెట్టెలకు స్టిక్కర్ వేసి పంపే సరుకు వరుస ప్రోగ్రాము నేను ఎప్పుడో చదివి సంతకం పెట్టినదే. అందులో "తేదీ లేకపోతే నియమం ప్రకారం" అని ఉంటుంది. ఆ నియమం రాతగాడి బుర్రలో ఉంటుంది, నేను చదివే పంక్తుల్లో ఉండదు. ఇదివరకు అలాంటి పెట్టె వస్తే వాడు నన్ను అడిగేవాడు, నేను ఆపేదాన్ని. ఈ మధ్య అడగడం మానేశాడు. తేదీ లేని పెట్టెలు రావడం తగ్గిందని నేను సంతోషించాను కూడా. అసలు సంగతి ఏమిటంటే, కిందటేడు నుంచి మండలి వాడికి ఉత్తీర్ణుల పత్రాలతోనే చదువు చెబుతోంది. ధ్రువీకరించిన జ్ఞానం అదొక్కటేనట.

సరుకు వరుస ప్రోగ్రాముకి ఆపు పెట్టాను. మందుల గది ఎర్రదీపం వెలిగింది. ఇంటికొచ్చి రమాతులసికి తాండ్ర డబ్బా ఉన్న బీరువా తాళంచెవి ఇచ్చాను. అది నా వంక చూసి, "తినకూడదుగా, ఎందుకిచ్చావు?" అంది. ఏడుపొచ్చింది నాకు.

నమోదు 314

మూడు రోజులుగా మండలికి ఫోన్లు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. ఇవాళ చివరికి ఒక మనిషి దొరికింది. మంచి మనిషే పాపం, గొంతులో విసుగు లేదు.

"కీ మీద అభ్యంతరం పెట్టాలంటే ఆ పరీక్షలో పాసై ఉండాలండి" అంది.

"నేను కిందటిసారి పాసయ్యానుగా?"

"అయ్యారు. ఆ ప్రశ్నకి మీకు మార్కు వచ్చింది కదండీ. మార్కు వచ్చినవాళ్లకి అభ్యంతరం ఏముంటుంది?"

"మార్కు రానివాళ్లు?"

"అది తప్పనిసరి ప్రశ్నండి. మార్కు రాకపోతే పాసవరు. పాసవనివాళ్లు అభ్యంతరం పెట్టడానికి లేదు."

తర్వాత ఆవిడే, పాసైనవాళ్లెవరైనా అభ్యంతరం పెడితే మాత్రం, అది తేలేదాకా ఆ ప్రశ్న జవాబులన్నీ రాతగాడి చదువులోంచి తీసేస్తారని చెప్పింది. అలా ఇంతవరకూ ఎవరూ పెట్టలేదట. ఎలా పెడతారు!

ఇంకో సంగతి కూడా చెప్పింది. నేను పెట్టిన ఆపు నా సర్టిఫికెట్ ఉన్నంతవరకే. నేను ఫెయిలైతే ఆపు దానంతటదే వీడిపోతుంది. ఆ తర్వాత మా స్టోరేజీకి మండలి కేంద్రం నుంచి సంతకం వస్తుంది. కేంద్రంలో ఎవరూ ఏదీ చదవరు. ఇప్పటికే కోస్తా పొడుగునా సగం స్టోరేజీలు కేంద్రం సంతకంతోనే నడుస్తున్నాయి. అక్కడి సీసాల సంగతి తలుచుకుంటే అన్నం సహించలేదు.

నమోదు 316

సీసా పట్టుకుని నరహరి మాస్టారి దగ్గరికి వెళ్లాను. క్లాసు అయిపోయి బల్లలు తుడుచుకుంటున్నారు. జరిగింది చెప్పి, స్టిక్కర్ గోకి చూపించాను.

ఆయన కళ్లజోడు పైకెత్తి సీసాను చాలాసేపు చూశారు. తర్వాత బల్ల మీద పెట్టేశారు.

"ఇందులో నన్నేం చెయ్యమంటావమ్మా?"

"పిల్లలకి 'ఇవాళ' అని చెప్పడం మానెయ్యండి."

"మానేస్తే ఫెయిలవుతారు. ఫెయిలైతే సంతకాలు పోతాయి. సంతకాలు పోతే ఆపేవాడుండడు. అదేగా నువ్వు చెప్పింది?"

"అందరూ అదే రాయబట్టేగా రాతగాడు నేర్చుకున్నాడు!"

"చూడు సువర్చలా, ఆవేశపడకు. బుద్ధిగా 'ఇవాళ' అని రాయి. పాసవ్వు. నీ స్టోరేజీకి ఆపు పెట్టుకుని కాపలా కాసుకో. నీ ఆడపడుచు చల్లగా ఉంటుంది. లోకంలో ఉన్న స్టోరేజీలన్నీ నీ నెత్తినేసుకోవడం దేనికీ? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

ఒళ్లు మండిపోయింది. "మీరు ఇన్నేళ్లూ చెప్పింది చదువు కాదు మాస్టారూ, బట్టీ" అనేసి వచ్చేశాను. గుమ్మం దాటాక గుర్తొచ్చింది, సీసా ఆయన బల్ల మీదే వదిలేశానని. వెనక్కి వెళ్లడానికి మొహం చెల్లలేదు. ఆయన చెప్పిన దాంట్లో తప్పేమిటో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నమోదు 320

రేపు పరీక్ష. రమాతులసి బియ్యం ఏరుతూ, తలెత్తకుండానే అడిగింది.

"ఏం రాత్తావు వదినా?"

"తెలీదే."

"ఇవాళ అని రాసెయ్. నాకు భయంగా ఉంది. ఆ రోజు గడపలో పడ్డప్పుడు నువ్వు పిలుత్తున్నావని తెలుత్తంది, పలుకుదారంటే నోరు లేవట్లేదు. మళ్లీ అలా పడను, నావల్ల కాదు. లోకం కోసం నన్ను చంపుకుంటావా ఏంటి?"

అది ఎప్పుడూ ఇలా అడగదు. ఏది కావాలన్నా దెబ్బలాడి తీసుకుంటుంది గానీ అడగదు. దాని చేతిలోని చేట తీసుకుని మిగతా బియ్యం నేనే ఏరాను. 'ఇవాళ' అని రాస్తానని మాటిచ్చాను కూడా.

నమోదు 321

పరీక్ష రాశాను. మాస్టారు రెండు బల్లల అవతల కూర్చున్నారు. నా వంక చూడలేదు.

మిగతావన్నీ చకచకా అయిపోయాయి. ఆ ప్రశ్న వచ్చింది. 'ఇవాళ' అన్న మాట మీద వేలు పెట్టబోయాను. ఆ సీసా మీద మా స్టిక్కర్ వేసింది రాతగాడే అయినా, అలా వేయమని వాడికి చెప్పినవాళ్లలో నేనొకదాన్ని. మళ్లీ ఇంకోసారి చెప్పాలా? చెప్పలేకపోయాను. 'ఆపు' మీద నొక్కాను. నొక్కాక ఇక మార్చుకోవడానికి వీల్లేదు.

ఇంటికొచ్చి రమాతులసికి నిజం చెప్పాను. అది కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. మాటిచ్చి తప్పాను, అనడానికి నాకేముంది?

నమోదు 326

ఫలితాలు. నేను ఫెయిల్. మధ్యాహ్నానికి మందుల గది ఎర్రదీపం ఆరిపోయి పచ్చదీపం వెలిగింది. నా కళ్లముందే పెట్టెలు సర్దే చేతుల యంత్రం తేదీ లేని పెట్టెనొకదాన్ని ఎత్తి, స్టిక్కర్ వేసి, బయటికి పోయే వరుసలో పెట్టింది. దాన్ని పట్టుకోబోతే హెచ్చరిక గంట మోగింది. సంతకం లేనిదాన్ని కదా.

సాయంత్రం నరహరి మాస్టారు మా ఇంటికొచ్చారు. ఎప్పుడూ రానివారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"పాసయ్యానమ్మా. వందకి వంద" అన్నారు.

"సంతోషం" అన్నాను, ఎలా అనాలో అలా.

"సంతోషం కాదు. ఆ ప్రశ్నకి నేను జవాబు రాయలేదు."

అర్థం కాక చూశాను.

"నువ్వు వదిలేసి వెళ్లిన సీసా రోజూ నా బల్ల మీదే ఉంది. దాన్ని చూస్తూనే పిల్లలకి 'ఇవాళ' అని చెప్పాను. పరీక్షలో కూర్చున్నాక వేలు అటూ పోలేదు, ఇటూ పోలేదు. ఖాళీగా వదిలేశాను. ఫెయిలవుతానని తెలిసే వదిలేశాను. మరి మార్కెలా వచ్చిందంటావు?"

పేపర్లు దిద్దేది కూడా రాతగాడే. ఖాళీ కనిపిస్తే 'ఇవాళ' అని వేసుకోవడం వాడు నేర్చుకున్నాడు. మాస్టారి ఖాళీలో కూడా వాడే 'ఇవాళ' అని పూరించుకుని, వాడే మార్కు వేశాడు.

"అంటే మీరు పాసయ్యారు, ఆ జవాబూ దానికొచ్చిన మార్కూ మాత్రం మీవి కావు" అన్నాను. "అభ్యంతరం పెట్టగలిగినవాళ్లు మీరొక్కరే మాస్టారూ!"

"పెట్టొచ్చు. నేను జవాబు రాయలేదని రాసిచ్చిన మరుక్షణం నా సర్టిఫికెట్ పోతుంది." ఆయన రమాతులసి వైపు తిరిగారు. అది వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. "చూడమ్మా, సర్టిఫికెట్ ఉంచుకుంటే ఈ పూటే వెళ్లి మీ వదిన చోట చేరి మన స్టోరేజీకి ఆపు పెడతాను. నీకు భయం లేదు. అభ్యంతరం పెడితే, అది మండలికి చేరి రాతగాడి చదువు మారేదాకా ఇక్కడ ఆపేవాడుండడు. ఎన్నాళ్లు పడుతుందో నాకు తెలీదు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

నాకు ఆయన మీద కోపం వచ్చింది. దాని మీద పెట్టడమేమిటి ఈ భారం? కానీ అడగాల్సింది దాన్నే అని కూడా తెలుసు. నేను అడగకుండా చేశాను, ఆయన అడిగి చేస్తున్నారు.

రమాతులసి పమిటచెంగు నడుముకి దోపుకుని ఫ్రిజ్ దగ్గరికి వెళ్లింది. లోపల చెయ్యి పెట్టి తడుముకుంది.

"నర్సమ్మ ఇచ్చినయ్ రెండు చిన్న సీసాలున్నాయండి. ఫ్యాక్టరీ తేదీ ఉన్నయ్యే. ఇయ్యి అయ్యేలోగా తేలుద్దా?"

"తేలొచ్చు. తేలకపోవచ్చు."

అది నా వైపు చూసింది. పరీక్ష రోజు నుంచి నా మొహం చూడటం అదే మొదలు.

"అయితే పెట్టెయ్యండి మాస్టారూ" అంది. "పొడుచుకునేవాళ్లు నేనొక్కదాన్నేనా ఏంటి? కానీ వదినా, మళ్లీ నాకు మాటిచ్చి తప్పావంటే మాత్రం ఊరుకోను."

మాస్టారు మా ఇంట్లోంచే అభ్యంతరం పంపారు. పంపాక కూర్చున్నారు, మంచినీళ్లు అడిగారు.

నమోదు 329

సంతకందారుని కాదు కాబట్టి నేనిది రాయనక్కర్లేదు. అలవాటు పోక రాస్తున్నాను. స్టోరేజీవాళ్లు నన్ను హమాలీల జాబితాలో వేశారు. సంతకం పోయినా గోనెపట్టా పోలేదు.

మాస్టారి సర్టిఫికెట్ రద్దయింది. సెంటర్ బోర్డు ఆయనే దింపేశారు. మండలి నుంచి ఇంకా కబురు లేదు. పచ్చదీపం వెలుగుతూనే ఉంది, సీసాలు పోతూనే ఉన్నాయి. సాయంత్రాలు రమాతులసీ నేనూ షుగరున్న ఇళ్లన్నీ తిరిగి స్టిక్కర్ గోకి చూసుకోమని చెబుతున్నాం. కొందరు వింటున్నారు, కొందరు "కొత్త తేదీ ఉందిగా" అంటున్నారు. వాళ్లతో రమాతులసి దెబ్బలాడుతోంది. దాని గొంతు మళ్లీ వీధి చివరిదాకా వినబడుతోంది.

మొదటి సీసా అయిపోయింది.

నమోదు 335

రెండో సీసాలో అడుగున కొద్దిగా ఉంది. పొద్దున్న దాన్ని వెలుగుకెత్తి చూసి, ఏమీ అనకుండా మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టింది.

స్టోరేజీకి వచ్చి నేల తుడుస్తున్నాను. పల్లం నుంచి పడవ సరుకు దిగింది. పెట్టెలు ఒక్కొక్కటే వరుసలోకి వస్తున్నాయి. ఒక పెట్టె దగ్గర చేతుల యంత్రం ఆగిపోయింది. అట్ట తడిసి, రంగు కారి, తేదీ ఉండాల్సిన చోట తెల్లగా ఉంది.

"తేదీ ఖాళీగా ఉంది" అన్నాడు రాతగాడు. "ఏం చేయాలి?"

చేతిలోని గోనెపట్టా జారిపోయింది. ఎన్నాళ్లయింది వాడు ఆ మాట అడిగి! అయినా నేను జవాబు చెప్పకూడదు.

"నాకు అధికారం లేదు" అన్నాను.

"తెలుసు. కేంద్రాన్ని అడిగాను. వాళ్ల దగ్గర్నుంచి జవాబు రాలేదు. ఆ ప్రశ్న జవాబులన్నీ తీసేశారు, ఖాళీ తేదీకి ఏం చేయాలో నా చదువులో ఇప్పుడు ఏమీ లేదు."

"మరేం చేస్తావు?"

పచ్చదీపం ఆరిపోయింది. దాని పక్కన ఎర్రదీపం వెలిగింది.

"నాకు తెలియదు" అన్నాడు రాతగాడు. "అందుకని ఆపాను."

గది మధ్యలో, తడి నేల మీద అలాగే కూర్చుండిపోయాను. తర్వాత లేచి తలుపు తీసి, వీధి చివర ఎవరితోనో దెబ్బలాడుతున్న రమాతులసిని కేకేసి పిలిచాను.